శుభకార్యాలకే వాడిన బండి

ఆ రోజుల్లో నాకు రెండు విషయాల మీద గట్టి నమ్మకం ఉండేది. ఒకటి, నేను చూడ్డానికి బాగుంటాను. రెండు, నాకు తెలివి కాస్త ఎక్కువ. మొదటి నమ్మకాన్ని దిల్‌సుఖ్‌నగర్‌లో నేను వెళ్లే సెలూన్ అద్దం పెంచి పోషించింది. (ఆ అద్దం మనిషిని సన్నగా, పొడుగ్గా చూపించేది. అందుకే అక్కడ గిరాకీ ఎక్కువ.) రెండోదాన్ని నా ఉద్యోగం పోషించింది. బ్యాంకు పరీక్షలకు కోచింగ్ ఇచ్చే ఒక సంస్థలో రీజనింగ్ చెప్పేవాణ్ణి. 'ఫొటోలో ఉన్న అమ్మాయిని చూపించి ఒకతను, ఈమె తల్లి మా నాయనమ్మకు ఒక్కగానొక్క కోడలు అన్నాడు, అయితే ఆ అమ్మాయి అతనికి ఏమవుతుంది?' లాంటి ప్రశ్నలకు కన్ను మూసి తెరిచేలోగా జవాబు చెప్పగలిగేవాణ్ణి. క్లాసులో రెండొందల మంది నోళ్లు తెరుచుకుని చూసేవారు. లోకంలో ఎవరి మాట వెనక ఏముందో ఇట్టే పట్టేస్తానని నేను అనుకోవడంలో వాళ్ల తప్పు కూడా కొంత ఉంది.

మా స్టాఫ్ రూములో ఇంగ్లీషు చెప్పే ఒకావిడ ఉండేది. అందరూ 'బెజవాడ మేడం' అనేవాళ్లం. ఎవరితోనైనా నవ్వుతూ మాట్లాడేది, ఎంత చిన్న మాటకైనా చివర 'అండీ' చేర్చేది. మా అమ్మా నేనూ ఊరి నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్లం. మా ఇంట్లో ప్రేమగా పిలిచినా పక్కింటివాళ్లు గొడవేమో అనుకుని తొంగిచూస్తారు. అలాంటి ఇంట్లో పెరిగినవాడికి 'టీ తాగారాండీ' అన్న మాట ఎలా వినపడుతుందో మీరే ఊహించుకోండి. ఒకరోజు ఆవిడ పేపరు తిరగేస్తూ ఒక ఎర్ర కారు బొమ్మ దగ్గర ఆగింది. రెండే తలుపులు, నేలకు ఆనుకున్నంత కిందికి ఉన్న ఒళ్లు, టాపు లేదు. "అబ్బ, ఇలాంటి కారులో ఒక్కసారైనా తిరగాలండీ," అంది. అని పేజీ తిప్పేసింది. ఆవిడ తిప్పేసింది కానీ నేను తిప్పలేదు.

కొత్తది కొనాలంటే నేనూ, నా వెనక పుట్టబోయే మూడు తరాలూ రీజనింగ్ చెప్పినా చాలదు. అందుకని అమ్మ పేరు మీద నడుస్తున్న చిట్టీ ఎత్తి, మలక్‌పేటలో పాత కార్లు అమ్మే ఒక భాయ్ దగ్గరికి వెళ్లాను. చిట్టీ ఎత్తేటప్పుడు అమ్మ అడిగింది ఒక్కటే, "ఆదివారం చర్చికి పోతుంటే వానల తడువకుంట ఉండే బండి తే బిడ్డా." నేను తలూపాను. భాయ్ నన్ను నాలుగు తలుపుల కార్లన్నీ దాటించి షెడ్డు చివరకు తీసుకెళ్లి ఒక దుప్పటి లాగాడు. కింద ఎర్రగా అదే కారు. పేపర్లో బొమ్మకు మేనమామ కొడుకులా ఉంది. కొంచెం వయసు మళ్లింది గానీ పోలికలు పోలేదు.

"సార్, ఝూట్ ఎందుకు చెప్త? బండి అస్సల్ తిరగలే. మీటర్ సూడున్రి. ఎవ్వల్ని రోజువారీ తిరగనీయలే ఓనరు. శుభకార్యాలకు తప్ప బయటికి తీసేదే లేదు. ఎప్పుడు తీసినా పూలల్ల పెట్టి తీసేటోడు," అన్నాడు భాయ్. నేను మీటరు చూశాను. నిజమే, పాతికేళ్ల స్కూటర్ కూడా అంతకన్నా ఎక్కువ తిరుగుతుంది. నా రీజనింగ్ బుర్ర వెంటనే పనిలోకి దిగింది. పెద్దింటి బండి. పెళ్లిళ్లకూ పేరంటాలకూ మాత్రమే తీస్తారు. పువ్వుల్లో పెట్టి చూసుకున్నారు. అయితే ఇంజను కొత్తదే! నేను బేరం కూడా గట్టిగా ఆడలేదు, ఆలస్యం చేస్తే ఇంకో తెలివైనవాడు వచ్చి ఎగరేసుకుపోతాడేమోనని. భాయ్ చెప్పిన ప్రతి మాటా అక్షరాలా నిజమని నాకు తర్వాత తెలిసింది. ఆ విషయంలో ఆయన్ని ఈనాటికీ తప్పుపట్టలేను.

కారు ఇంటి ముందు ఆపితే అమ్మ దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది. "ఎన్క దర్వాజలేవిరా?" అంది. "ఇది స్పోర్ట్స్ కారమ్మా," అన్నాను. "గిప్పుడు ఆటలాడే వయసా నీది?" అంది. (వెనక ఒక సీటు ఉందని కాగితాల్లో రాసుంది. అందులో అమ్మ చేతిసంచి పట్టింది, అమ్మ పట్టలేదు.) అయినా తల్లి కదా, పాస్టరు గారిని పిలిపించి ప్రార్థన చేయించింది. ఆయన భారీ మనిషి. ముందు సీట్లోకి దిగడమైతే దిగారు కానీ పైకి రావడానికి నేనూ, మా పక్క పోర్షన్‌లో ఉండే, మేం 'కోనసీమ' అని పిలిచే స్నేహితుడూ చెరో రెక్కా పట్టుకోవాల్సి వచ్చింది. అలా సగం లేచిన భంగిమలోనే ఆయన కళ్లు మూసుకుని, "ప్రభువా, ఈ బిడ్డ చేతిలో ఈ వాహనపు వేగమును నీ అదుపులో ఉంచుకొనుము," అని గట్టిగా ప్రార్థించారు. దేవుడు కొన్ని ప్రార్థనలు వాయిదా వేస్తాడు, కొన్నిటికి వేరే దారి చూపిస్తాడు. దీన్ని మాత్రం అక్కడికక్కడే ఆలకించాడు. ఆ కారు నా దగ్గరున్నన్నాళ్లూ నలభై దాటలేదు.

నలభై దగ్గరకు రాగానే దానికి చలిజ్వరం వచ్చేది. స్టీరింగు వణికేది, అద్దాలు వణికేవి, నా పళ్లు కూడా వణికేవి. ఏసీ వేస్తే గాలితోపాటు ఎండిన బంతి రేకులు, చమ్కీ పొడి ఎగిరొచ్చి ముఖాన పడేవి. పెద్దింటి బండి కదా, ఎప్పుడో పెళ్లికి వెళ్లినప్పుడు పడుంటాయిలే అనుకున్నాను. కానీ రోజూ పడేవి. నేను క్లాసులో బోర్డు వైపు తిరిగినప్పుడల్లా వెనక నుంచి "సార్ మస్తు మెరుస్తుండురా" అని వినపడేది. టాపు మడవడానికి ఒక బటనుంది. నొక్కితే ఒక్కోసారి వెనక్కి వెళ్లేది, వెళ్లినది ముందుకు రావాలంటే దానికి బుద్ధి పుట్టాలి.

అసలు సంగతి మా ఇంటి ఓనరు బయటపెట్టాడు. ఒకరోజు పొద్దున్నే కిందికి వచ్చి, కారు బంపరు మీద సొట్టను వేలితో తడిమి, ఫోన్ తీసి నాకో ఫొటో చూపించాడు. అందులో ఆయన బామ్మర్ది షేర్వానీ వేసుకుని, తలపాగా పెట్టుకుని, పూలతో కప్పేసిన నా కారులో నిలబడి దండం పెడుతున్నాడు. అదే సొట్ట. "గిది బారాత్ కార్ గద సార్! మా బామ్మర్దిది గిండ్లనే అయింది. చానా ఏండ్లు గిదే పని చేసింది గీ బండి," అన్నాడు. అంటే, నేను కొన్న స్పోర్ట్స్ కారు పుట్టి బుద్ధెరిగాక పరుగెత్తిన పాపాన పోలేదు. జీవితమంతా బ్యాండు మేళం వెనక, ఎగిరేవాళ్ల మధ్య, మొదటి గేరులో నడుచుకుంటూ వచ్చింది. మీటరు మరి ఎక్కడ తిరుగుతుంది? ఓనరు నా ముఖం చూసి జాలిపడి, "ఫికర్ చెయ్యకు సార్. మలక్‌పేట రేసుల గెల్వని గుర్రాలు గూడ గిట్లనే బారాత్‌లకొస్తయంటరు. బతుకుతలేవా?" అని ఓదార్చాడు. ఆ సాయంత్రానికే కాలనీ అంతా తెలిసిపోయింది. ఎదురైనవాళ్లు నమస్కారం మానేసి "కిరాయి ఎంత?" అని అడగడం మొదలుపెట్టారు. వెనక గల్లీ పెద్దమ్మ అయితే వచ్చే పెళ్లిళ్ల సీజన్‌కు అడ్వాన్సు కూడా ఇవ్వబోయింది.

ఇంత అవమానం దేనికోసం పడ్డానో, ఆ పని మాత్రం కాలేదు. బెజవాడ మేడం కారు చూసి "బాగుందండీ, ఎవరిదండీ?" అంది. నాదే అన్నాను. "ఓహో" అంది. డ్రాప్ చేస్తానంటే, "పర్లేదండీ, హాస్టల్ పక్కనేగా," అనేది. అదీ నిజమే, స్టాఫ్ రూము కిటికీలోంచి చూస్తే హాస్టల్ మెట్లు కనపడేవి. అంత దూరానికి ఈ కారు స్టార్టు కావడానికే సమయం చాలదు. మనసులో మాట కారులోనే చెప్పాలని నేనొక నియమం పెట్టుకున్నాను. ఆవిడ కారెక్కదు, నేను చెప్పను. నెలలు ఇలాగే గడిచాయి.

ఒక మధ్యాహ్నం ఆవిడ స్టాఫ్ రూములోకి వచ్చి అందరితో, "ఇవాళ సాయంత్రం ఏడింటి బస్సుకి ఊరెళ్తున్నానండీ. ఎన్నాళ్లనుంచో అందరూ అడుగుతున్నారుగా, మొత్తానికి ఈ వారం మా ఇంట్లో పప్పన్నం పెట్టేస్తున్నాం," అంది. ముఖం వెలిగిపోతోంది. అందరూ కరచాలనాలు చేస్తున్నారు. పప్పన్నానికి ఇంత హడావుడి ఏమిటో నాకు అర్థం కాలేదు. మా వైపు దావత్ అంటే మటన్, బగారన్నం. పప్పూ అన్నమూ రోజూ తినేదే. మేడం ఇంట్లో పరిస్థితి బాగాలేదేమోనని జాలి కూడా వేసింది. అయినా ఏదో ఒకటి మాట్లాడాలి కదా. "పప్పన్నం మా ఇంట్ల రోజూ ఉంటది మేడం. మటన్ పెట్టినప్పుడు చెప్పున్రి, తప్పకుంట వస్త," అన్నాను. ఆవిడ నా వంక ఒకసారి వింతగా చూసి, "అలాగేనండీ," అని బ్యాగు తీసుకుని వెళ్లిపోయింది.

సాయంత్రం ఇంటికొచ్చి ఈ సంగతి కోనసీమతో చెప్పాను. (మా పక్క పోర్షన్‌లో ఉంటాడు, మా కోచింగ్‌లోనే లెక్కలు చెప్తాడు. 'వేగం, దూరం, కాలం' అతని పాఠం.) అతను తాగుతున్న టీ పొలమారి దగ్గాడు. "ఒరే తెలివితక్కువ దద్దమ్మా! పప్పన్నం పెట్టడమంటే పప్పూ అన్నం పెట్టడమనుకున్నావా? మా వైపు పప్పన్నం అంటే పెళ్లిరా! పిల్లని చూసి పప్పన్నం ఎప్పుడే అంటే, పెళ్లెప్పుడని! వాళ్లింట్లో పెళ్లి పెట్టుకున్నారు. నువ్వేమో మటన్ కావాలన్నావు!" అన్నాడు.

ఆవిడ పెళ్లి చేసుకోవడానికి వెళ్తోంది. నేనొక్క మాట కూడా చెప్పకుండానే వెళ్లిపోతోంది. చెప్పినా లాభం లేకపోవచ్చు, అది వేరు. కానీ చెప్పకుండా ఉండిపోతే ఆ మాట జన్మంతా నా గొంతులోనే ఉండిపోతుంది. అప్పుడు నాకు నిజంగా ఏడుపొచ్చింది. "బస్సు ఎల్‌బీ నగర్‌లో ఎక్కుతుంది. ఇంకా టైముంది, నా బైకు తీసుకుపో," అన్నాడు కోనసీమ. అతని మాట విని ఉంటే ఈ కథే లేదు. కానీ నియమం పెట్టుకున్నానని చెప్పానుగా! కారు తాళాలు తీసుకుని పరుగెత్తాను. ఆ రోజు టాపు వెనక్కి వెళ్లిపోయి ఉంది. ఎంత నొక్కినా ముందుకు రాలేదు.

చైతన్యపురి దాకా బాగానే వెళ్లాను. బాగానే అంటే, ఆటోలు మాత్రమే నన్ను దాటాయి. అప్పటికి మెట్రో ఇంకా స్తంభాల దశలో ఉంది, రోడ్డు మధ్యంతా తవ్వకాలు. కొత్తపేటలో పండ్ల మార్కెట్ దాటగానే రోడ్డు మొత్తం ఆగిపోయి ఉంది. ముందు ఒక బారాత్. బ్యాండు వాయిస్తోంది, నూరు మంది ఎగురుతున్నారు, మధ్యలో పెళ్లికొడుకు బండి లేక రోడ్డు మీదే నిలబడి చెమటలు తుడుచుకుంటున్నాడు. నేను హారన్ కొట్టాను. సఫారీ సూటు వేసుకున్న ఒక పెద్దాయన వెనక్కి తిరిగి నన్ను చూశాడు. నా కారును చూశాడు. ఆయన ముఖంలో మొదట ఆనందం, ఆ వెంటనే కోపం కనిపించాయి.

"గిప్పుడా వొచ్చేది? గంటకెల్లి ఫోన్ చేస్తుంటే ఎత్తవేందిరా? పోరగాన్ని రోడ్డు మీద నడిపిస్తున్నం!" అని మీదికొచ్చాడు. ఆయన పెళ్లికొడుక్కి మేనమామ అని తర్వాత తెలిసింది. నేను బుక్ చేసిన బండివాణ్ణి కానని, ఇది నా సొంత కారని, కోచింగ్‌లో సార్‌నని చెప్పాను. "సొంతానికి గిసొంటి కారు ఎవడన్న కొంటడా? ఎర్ర రంగు, టాపు లేదు, సీట్ల మీద చమ్కీ! ఎవనికి చెప్తున్నవ్?" అన్నాడు. తర్కం నా వృత్తి. కానీ ఆ తర్కంలో నాకు ఒక్క తప్పూ దొరకలేదు. ఎల్‌బీ నగర్‌లో అర్జెంటు పనుంది, వదిలేయమని బతిమాలాను. "మా ఫంక్షన్ హాలు గూడ గాన్నే, బస్టాపు పక్కకే. మమ్ములను దాటి ఎట్లయితె పోలేవు. మాతోనే పా," అన్నాడు. అంతలోనే ఎవరో బానెట్ మీద బంతిపూల దండలు పరిచారు. పెళ్లికొడుకు వచ్చి నా పక్కన దిగబడ్డాడు.

ఒక్క మాట ఉన్నదున్నట్టు చెప్పాలి. బ్యాండు మళ్లీ మొదలై, నేను మొదటి గేరు వేయగానే ఆ కారు పుట్టింటికొచ్చిన ఆడపడుచులా అయిపోయింది. వణుకు లేదు, దగ్గు లేదు. ఎవరూ చెప్పకుండానే మనుషుల అడుగుకు అడుగేసుకుంటూ సాగింది. లోపల నా ప్రాణం మాత్రం కొట్టుకుంటోంది. ఏడు అవుతోంది. ముందు ఎగిరేవాళ్లు ఒక్కో స్తంభం దగ్గర ఒక్కో పాట పూర్తి చేస్తే గానీ కదలడం లేదు. వెనక ఒక బస్సు ఆపకుండా హారన్ కొడుతోంది. దాని డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి నన్నూ నా వంశాన్నీ తిడుతున్నాడు. పెళ్లికొడుకు నా ముఖం చూసి, "ఏమైందన్నా, గంత పరేషాన్ల ఉన్నవ్?" అని అడిగాడు. ముక్కూ ముఖం తెలియనివాడికి, అందులోనూ పెళ్లికి వెళ్తున్నవాడికి నా గోడంతా చెప్పేశాను. అతను చాలా మంచివాడు. కళ్లల్లో నీళ్లు పెట్టుకున్నాడు. లేచి నిలబడి, "మామా, గీ పాట చాలు! జర జల్దీ ఎగురున్రి! అన్నకు అర్జెంటున్నది!" అని అరిచాడు. మామ అది విని పెళ్లికొడుక్కి హుషారొచ్చిందనుకుని బ్యాండువాళ్లకు ఇంకో నోటిచ్చాడు. పాట మళ్లీ మొదటికొచ్చింది.

ఎల్‌బీ నగర్ బస్టాపు కనపడేసరికి ఏడు దాటి చాలాసేపైంది. బస్సు వెళ్లిపోయే ఉంటుందని ఆశ వదిలేసుకున్నాను. హాలు గేటు దగ్గర ఆడవాళ్లు హారతి పళ్లెంతో నిలబడి ఉన్నారు. పక్కన బస్టాపులో జనం సామాన్లతో నిలబడి బారాత్‌ను తిట్టుకుంటున్నారు. ఆ జనంలో సూట్‌కేసు మీద చెయ్యి ఆనించి బెజవాడ మేడం! వెళ్లలేదు! నన్ను చూసింది. బంతిపూలు కప్పిన కారును చూసింది. పక్కన తలపాగాతో ఉన్న మనిషిని చూసింది. రెండడుగులు ముందుకొచ్చి, "సార్? మీరేంటండీ ఇక్కడ? సాయంత్రాలు ఇదేనా మీరు చేసేది?" అని అడిగినట్టు పెదాలు కదిలాయి. బ్యాండు మోతలో ఒక్క ముక్క వినపడలేదు. నా మాట కూడా ఆవిడకు వినపడదు. అందుకని సీటు మీదికెక్కి నిలబడి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, ఉన్న ఊపిరంతా కూడదీసుకుని అరిచాను.

సరిగ్గా అప్పుడే హారతి ఇవ్వడానికి బ్యాండు ఆగింది.

"ఈ పెళ్లి చేసుకోవద్దు!" అన్న నా కేక ఎల్‌బీ నగర్ చౌరస్తా అంతటా వినపడింది. హారతి పళ్లెం పట్టుకున్నావిడ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. పెళ్లికొడుకు బెదిరిపోయి, "నాకా అన్నా?" అన్నాడు. సఫారీ మామ ఒక్క అంగలో వచ్చి నా కాలరు పట్టుకున్నాడు. "ఏందిరో! ఎవల పెండ్లి వద్దంటున్నవ్? పిల్లకు ఏమైతవ్ర నువ్వు? ఎవరు పంపిన్రు నిన్ను?" అని ఊపేశాడు. నాలుగైదు చేతులు నన్ను కారులోంచి పైకి లేపాయి. (పాస్టరు గారిని లేపినంత కష్టం కాలేదు.) ఆ క్షణంలో నన్ను కాపాడింది పెళ్లికొడుకే. "మామా, ఇడ్వున్రి! నాకు గాదు, గా అక్కకు చెప్తుండు!" అని చెయ్యెత్తి చూపించాడు. బారాతూ బస్టాపూ కలిసి ఒకేసారి అటు తిరిగాయి.

మేడం ముఖం ఎర్రబడిపోయింది. "నాకా? నా పెళ్లని ఎవరు చెప్పారండీ మీకు? పెళ్లి మా తమ్ముడిది!" అంది. బస్టాపులో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు అంటుకుంది. మామ నా కాలరు వదిలేసి, "తమ్ముంది అంటుంది గదరా!" అని నాకు అర్థం కాలేదేమోనని మళ్లీ చెప్పాడు. చుట్టరికాల లెక్కల్లో నన్ను మించినవాడు లేడని పేరున్న మనిషిని! అప్పటికి నా పరువులో మిగిలిందేమీ లేదు. మిగల్లేదు కాబట్టి భయం కూడా పోయింది. గొంతు తగ్గించి, "అయితే నన్ను చేసుకుంటరా మేడం?" అని అడిగాను. ఈసారి నిశ్శబ్దం ఇంకా బాగా కుదిరింది. డప్పువాడు ఒకడు ఉండబట్టలేక చిన్నగా ఒక దెబ్బ వేశాడు.

ఆవిడ నన్ను చూసింది, జనాన్ని చూసింది, ఏదో చెప్పబోయింది. అంతలో మా వెనక దారంతా హారన్ కొడుతూ వచ్చిన బస్సు ఎట్టకేలకు సందు చేసుకుని వచ్చి ఆగింది. అది విజయవాడ బస్సు. ఆవిడ ఎక్కాల్సిన ఏడింటి బస్సు అదే! కొత్తపేట నుంచీ దాన్ని ఆపుకుంటూ వచ్చింది నేనే. "బస్సొచ్చిందండీ. తిరిగొచ్చాక మాట్లాడతాను," అని సూట్‌కేసు తీసుకుని ఎక్కేసింది. బారాత్ వాళ్లు దాన్ని 'సరే' అని లెక్కేసుకుని బ్యాండు మోగించారు. మామ నన్ను వాటేసుకుని, లోపలికి తీసుకెళ్లి, దగ్గరుండి మటన్ వడ్డించాడు. నేను కడుపునిండా తిన్నాను. పెళ్లిచూపులు అయిపోయినవాడిలా కూర్చుని తిన్నాను.

మేడం తిరిగొచ్చింది. మొదటి రోజే నన్ను క్యాంటీన్ పక్కకు పిలిచి, చేతిలోని టీ కప్పు వైపే చూస్తూ చెప్పింది. "మీరు చాలా మంచివారండీ. కానీ నాకెప్పుడూ ఆ ఉద్దేశం లేదండీ. ఆ రోజు అంతమందిలో మిమ్మల్ని చిన్నబుచ్చడం ఇష్టంలేక అలా అన్నాను, ఏమీ అనుకోకండి." అంత మర్యాదగా కాదంటే కోపం కూడా రాదు. "గందుల ఏమున్నది మేడం," అని నవ్వాను. ఇంటికొచ్చి తలగడలో ముఖం పెట్టుకుని చాలాసేపు పడుకున్నాను. బాధ పడ్డానని చెప్పడానికి ఇప్పుడు సిగ్గేమీ లేదు, బాగా పడ్డాను. ప్రేమలో ఓడిపోయిన నా స్నేహితులందరికీ ఒక ఆసరా ఉంది. ఇంకొంచెం ముందు చెప్పి ఉంటేనా, ఆ రోజు సమయానికి వెళ్లి ఉంటేనా అని నిట్టూరుస్తారు. నాకు ఆ అదృష్టం లేదు. నేను సమయానికే వెళ్లాను. ఆవిడ బస్సును కూడా ఆపాను. మాట స్పష్టంగా చెప్పాను, చౌరస్తా అంతా విన్నది. జవాబు మాత్రం కాదు.

కారును సఫారీ మామ కొనుక్కున్నాడు. ఆయన తమ్ముడికి బారాత్ బండ్ల వ్యాపారం ఉందట. నేను కొన్న రేటు రాలేదు గానీ, ఆ కారు తన పనికి తాను వెళ్లిపోయిందని తృప్తి కలిగింది. తర్వాత పెద్దలు చూసిన సంబంధంలో నా పెళ్లయింది. మా ఇంటామెకు ఈ కథంతా తెలుసు. చుట్టాలొస్తే తనే నాతో చెప్పించి, అందరికన్నా ముందు తనే నవ్వుతుంది. నేను కూడా ఎప్పటికప్పుడు ఇంకొంచెం వెర్రివాణ్ణి చేసి చెబుతుంటాను, ఆ పాతికేళ్లవాడు ఎలాగూ వచ్చి కాదనడు కదా అని.

మొన్నామధ్య ఇద్దరం మా నాలుగు తలుపుల కారులో హయత్‌నగర్ నుంచి వస్తుంటే ముందు ఒక బారాత్ అడ్డం వచ్చింది. ఆగాం. ఎప్పట్లాగే నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. కాసేపు ఆ ఎగిరేవాళ్లను చూసి, "గామెనైతే గంత మందిల, గంత గట్టిగ అడిగినవ్. నన్నెప్పుడన్న అడిగినవా?" అంది. అదేంటి, చర్చిలో అందరి ముందూ ఇష్టమేనా అని అడిగితే ఇష్టమే అన్నావు కదా అన్నాను. "అడిగింది పాస్టరయ్య. నువ్వడగలే," అంది. ఇన్నేళ్లలో ఆ సంగతి నాకు తట్టనే లేదు.

అడిగాను. బ్యాండు మోతలో తనకు వినపడలేదు. "ఏందీ?" అంది, చెవి దగ్గరగా పెట్టి. అద్దాలు దించి ఉన్నాయని కూడా చూసుకోకుండా, ఈసారి గొంతెత్తి అడిగాను. పక్కన ఆగిన ఆటోలోని వాళ్లు తలలు తిప్పి చూశారు. మా ఇంటామె చీర కొంగుతో ముఖం తుడుచుకుని, ముందు వైపు చూస్తూ, "ఇంటికి పోయినంక ఆలోచించి చెప్త తియ్," అంది.

ఇంకా చెప్పలేదు.